కొరమీన్ల చెరువులో పెంపుడు చేపలు

1994 మార్చిలో నన్ను మద్రాసులో లోతట్టు చేపల విభాగానికి అసిస్టెంట్ డైరెక్టరుగా మార్చారు. ఊరి పేరు అప్పటికింకా మద్రాసే. లోతట్టు అంటే మా భాషలో సముద్రం కానిదంతా: చెరువులు, కుంటలు, జలాశయాలు. సముద్రం వైపు పనిచేసే తోటి అధికారులు మమ్మల్ని కాస్త చిన్నచూపు చూసేవారు. వాళ్ళకు పడవలు, రేవులు, తుపాను హెచ్చరికలు ఉండేవి. మాకు తూము దగ్గర పేరుకుపోయిన గుర్రపుడెక్క ఉండేది. నాకు మాత్రం ఆ పోస్టింగు నచ్చింది. పడవ ఎక్కితే కడుపులో తిప్పే మనిషిని నేను. మత్స్యశాఖలో చేరిన నాటి నుంచి ఆ సంగతి ఎవరికీ తెలియకుండా నెట్టుకొచ్చాను.

నా కింద ఒక ఇన్‌స్పెక్టరు, ఇద్దరు సబ్ ఇన్‌స్పెక్టర్లు ఉండేవారు. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడనగానే పల్లెల్లో పోలీసనుకుని కుర్చీ వేసేవారు. చేపల ఇన్‌స్పెక్టరని తెలిశాక ఆ కుర్చీని మెల్లగా వెనక్కి లాక్కున్న ఊరు కూడా ఒకటుంది. మా పని రెండు రకాలు. వానలకు నిండిన చెరువుల్లో ప్రభుత్వ కేంద్రంలో పుట్టించిన చేపపిల్లల్ని వదలడం ఒకటి. చేపలు పట్టుకునే హక్కును కౌలుకు తీసుకున్నవాళ్ళు చెరువులో ఏ మార్పు చేయదలచినా దానికి సాంకేతిక అనుమతి ఇవ్వడమో నిరాకరించడమో రెండోది. రెండోదానికి నా సంతకం కావాలి.

ఇక్కడ పాఠకులకు చేపల గురించి కొంచెం చెప్పాలి. మార్కెట్లో మీరు కొనే రోహు, బొచ్చె నదిలో వరద వస్తేనే గుడ్లు పెడతాయి. నిలవ నీళ్ళలో పెట్టవు. చెరువులో వేసిన రోహు ముసలిదవుతుంది కానీ తల్లి కాదు. అందుకని మేం కేంద్రంలో తల్లి చేపలకు సూది వేసి గుడ్లు పెట్టించి, ఆ పిల్లల్ని వేలెడయ్యేదాకా పెంచి చెరువుల్లో వదులుతాం. పట్టుకున్నాక మళ్ళీ తెచ్చి వేయాలి. కొరమీను సంగతి వేరు. దాన్ని ఎవరూ తెచ్చి వేయరు. నాచులోనే గూడు కట్టుకుని, గుడ్లు పెట్టి, పిల్లలు ఈదుతున్నంత కాలం ఆడా మగా రెండూ కాపలా కాస్తాయి. నీళ్ళు ఇంకిపోతే బురదలో దూరి వానదాకా బతికి ఉంటుంది. కానీ అది ఇతర చేపల పిల్లల్ని తింటుంది కనుక మా శాఖ చేతిపుస్తకాల్లో దాని పేరు తొలగించవలసిన చేపల కింద ఉండేది. అదే కొరమీను చింతాద్రిపేట బజారులో తొట్టెలో ప్రాణంతో ఈదుతూ రోహుకు రెట్టింపు ధర పలికేది. పుస్తకంలో కలుపు, బజారులో రాజు.

దాన్ని తొలగించే పద్ధతి కూడా పుస్తకంలోనే ఉంది. ఇప్పగింజల నుంచి నూనె తీశాక మిగిలే చెక్కను నానబెట్టి నీళ్ళలో కలుపుతారు. అందులోని విషం చేపల నెత్తురును విరిచేస్తుంది. రెండు మూడు వారాల్లో విషం తగ్గిపోయి, ఆ చెక్కే నీళ్ళకు ఎరువుగా మారుతుంది. ఆ తర్వాత చేపపిల్లల్ని వదలవచ్చు. చిన్న కుంటల్లో ఇది మామూలు పని. పెద్ద చెరువుల్లో వేసవిలో నీళ్ళు మడుగుగా కుంచించుకుపోయినప్పుడు మాత్రమే వీలవుతుంది.

నేను పనిలో చేరిన నెలలోపే అలాంటి అనుమతి కోరుతూ ఒక అర్జీ వచ్చింది. మద్రాసు శివారు అంబత్తూరుకు పడమరగా ఉన్న ఒక చిన్న చెరువును గాలం వేసేవాళ్ళ క్లబ్బు ఒకటి కౌలుకు తీసుకుంది. క్లబ్బు పేరు ఇక్కడ అనవసరం. దాని అధ్యక్షుడు వరదరాజులు నాయుడు, అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేటులో లేతు మిషన్ల వర్క్‌షాపు నడిపేవాడు. అర్జీని పోస్టులో పంపకుండా తానే తీసుకొచ్చాడు. మాట గట్టిది, చొక్కా జేబు నిండా పెన్నులు, ఒక్కటీ రాయదు. మాది తరాల కిందట తమిళనాట స్థిరపడిన తెలుగు రైతు కుటుంబమని ఎవరో చెప్పారట, ఆ ధైర్యంతో నేరుగా తెలుగులోకి దిగాడు.

"మేడమ్, మా మెంబర్లంతా ఆరు దినాలు మిషను ముందర నిలబడి పని చేసేవోళ్ళు. ఆదివారం పెండ్లాం బిడ్డల్ని తోడుకొని వస్తారు. పొద్దన్నుంచి సాయంత్రం దాకా బెండు కదలదు. ఆడ ఉండేదంతా విరాలే. అది లేసుగా పడే చేపా? మళ్ళా వారం ఎవురు వస్తారు? టి. నగర్‌కి షాపింగుకి పోతారు. విరాలును తీసేసి కెండపిల్లల్ని వేస్తే పిండి ముద్దకే పడతాయి. బిడ్డలు కూడా పడతారు."

విరాలు అంటే తమిళంలో కొరమీను, లేసుగా అంటే సులువుగా. కెండ అంటే రోహు, బొచ్చె జాతి చేపలు. నాయుడు చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు. సభ్యులు తగ్గిపోతే క్లబ్బు కౌలును నిలబెట్టుకోలేదు. క్లబ్బు పోతే చెరువు వలల కాంట్రాక్టరుకు వెళుతుంది. అతను అడుగుదాకా వల లాగి కొరమీను, రోహు అని చూడకుండా ఊడ్చేస్తాడు. నాయుడు ఆ మాట కూడా చెప్పి, పుస్తకంలో ఉన్న పద్ధతినే కదా అడుగుతున్నానని ముగించాడు.

ఆ వారంలోనే రెండో మనిషి వచ్చాడు. ఆయన క్లబ్బు ఉపాధ్యక్షుడు సుందరేశం చెట్టి. పాత ఉత్తర మద్రాసులో తాళ్ళు, వల దారాలు, గాలాలు టోకున అమ్మే కుటుంబం. తూర్పు తీరంలో సగం రేవులకు గాలాలు ఆ అంగడి నుంచే పోయేవని మా ఇన్‌స్పెక్టరు చెప్పాడు. అంత గాలాల వ్యాపారం చేసే మనిషి చేప ముట్టడు. వాళ్ళ ఇంట్లో ఉల్లిపాయ కూడా వాడరు. నేను చేపలు తింటాను, అందులోనూ కొరమీను పులుసంటే బాగా ఇష్టం, దాచడానికేమీ లేదు. తినేదాన్ని బల్లకు ఇవతల, తిననాయన బల్లకు అవతల కూర్చుని కొరమీను ప్రాణం గురించి మాట్లాడుకోవడం నాకు కొంత నవ్వు తెప్పించింది.

"అమ్మా, దాన్ని ఎవురూ తెచ్చి ఆడ వెయ్యలేదు. ఆడనే పుట్టినాది, ఆడనే పెరిగినాది. దాన్ని విషం పోసి చంపి, బయట నుంచి ఇంకొకదాన్ని తెచ్చి వేస్తామంటే ఎట్టా? మీరు సంతకం పెట్టొద్దు. ఇదొక్కటే నేను అడిగేది."

తినని చేపకు గాలం వేయడం మాత్రం న్యాయమా అని అడిగాను. ఆయన నొచ్చుకోలేదు. "అది తప్పే అమ్మా. మానలేకుండా ఉండాను. అందుకే ముల్లు అరగదీసినా" అన్నాడు. జేబులోంచి చిన్న చెక్క కప్ప బొమ్మ తీసి బల్ల మీద పెట్టాడు. దాని కడుపు కింద గాలం ఉంది. గాలం కొనకు లోపలి వైపు ఉండే ముల్లును ఆకురాయితో నున్నగా రాసేశాడు. ఆ ముల్లు లేకపోతే చేప జారిపోవడానికి అవకాశం ఎక్కువ, పట్టినదాన్ని గాయం లేకుండా వదలడమూ సులువు. బతికున్న కప్పను ఎరగా గుచ్చడం ఆయనకు గిట్టదు. పడిన కొరమీనును తడిచేత్తో పట్టుకుని, ఒకసారి చూసుకుని, మళ్ళీ నీళ్ళలోకి పంపేవాడట. ముప్ఫై ఏళ్ళుగా ఆయన ఆదివారాలు ఇలాగే గడిచాయి.

ఇద్దరి మాటా విన్నాక చెరువు చూడకుండా ఏదీ రాయడం మంచిది కాదనిపించింది. వేసవి వానలు ఒకటి రెండు పడ్డాక ఒక ఆదివారం పొద్దున్నే సబ్ ఇన్‌స్పెక్టరును వెంటబెట్టుకుని వెళ్ళాను. కట్ట మీద పది పదిహేనుమంది గాలాలు వేసుకుని ఉన్నారు. నాచు అంచున నీళ్ళలో ఎర్రటి మరక కదులుతోంది. అది మరక కాదు, కొరమీను పిల్లల గుంపు. బొట్టంత ఎర్రని పిల్లలు వందలు వందలుగా ఒక్క ముద్దగా ఈదుతూ ఊపిరికోసం పైకొస్తాయి. వాటి కింద ఎక్కడో తల్లీ తండ్రీ ఉంటాయి. గుంపు దగ్గర ఏది పడ్డా అవి మీదపడి కరుస్తాయి. కాబట్టి కొరమీనును పట్టడానికి అంతకంటే సులువైన సమయం లేదు.

కొత్తగా చేరిన సభ్యుడు ఒకడు ఆ గుంపు మీదికి ఎర విసిరాడు. వెంటనే అరిచింది నాయుడు. "ఏయ్, తియ్యి! పిల్లల్ని పెట్టుకోని ఉండేదాని మీద వేస్తారా ఎవురైనా?" అని పరుగెత్తి వెళ్ళి అతని దారాన్ని చేత్తో పట్టి లాగేశాడు. పిల్లలతో ఉన్న కొరమీనుకు గాలం వేయకూడదన్నది ఆ క్లబ్బులో పాత కట్టుబాటట. కొరమీనుకు విషం పెట్టమని అర్జీ తెచ్చిన మనిషే ఆ కట్టుబాటు కోసం అంత కోపం తెచ్చుకోవడం చూసి నేను ఆయన గురించి అనుకున్నది కొంత మార్చుకున్నాను. కొరమీనంటే ఆయనకు పగ లేదు. ఆదివారం వచ్చినవాళ్ళు ఖాళీ చేతులతో వెళ్ళడమే ఆయనకు గిట్టనిది.

నేను రాసిన ఉత్తరువు ఇలా ఉంది. ఇప్పచెక్కకు ఒక సంవత్సరం వరకు అనుమతి లేదు. బదులుగా, వేలెడు పిల్లల్ని నేరుగా వదలకుండా, వానలు తగ్గాక చెరువు మూలలో వెదురు దడి కట్టి, లోపల వల చుట్టి, అందులో జానెడు దాటేవరకు పెంచాలి. జానెడు దాటిన రోహు కొరమీను నోటికి పట్టదు. అప్పుడు దడి తీసేయాలి. విషం లేకుండానే రెండు జాతులూ ఒకే చెరువులో ఉండగలవని నా లెక్క. ఇది పుస్తకంలో లేనిది కాదు, కానీ శ్రమ ఎక్కువ కనుక ఎవరూ చేసేవారు కాదు.

నాయుడు ఒప్పుకోలేదు. దడి కట్టించి, మేత పెట్టి, ఏడాది ఎదురుచూశాక అవన్నీ కొరమీను కడుపులోకే పోతే ఎవరు జవాబుదారీ అన్నాడు. చివరికి చెట్టిగారే ఒక మాట అన్నాడు. క్లబ్బుకు ఏటా తై నెలలో, అంటే సంక్రాంతి తర్వాత, గాలం పోటీ జరుగుతుంది. దడి తీశాక వచ్చే పోటీలో సభ్యుల్లో ఎక్కువమందికి రోహో బొచ్చో పడితే విషం మాట ఇక ఎత్తకూడదు. పడకపోతే ఇప్పచెక్క అర్జీ మీద తానే మొదటి సంతకం పెడతాడు. నాయుడు సరేనన్నాడు. ఇద్దరూ నా గదిలోనే చేతులు కలిపారు. కొరమీన్ల బతుకు ఆ విధంగా రోహుల మీద ఆధారపడింది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. 1995 జనవరిలో దడి కట్టారు. మా కేంద్రం నుంచి ప్లాస్టిక్ సంచుల్లో నీళ్ళూ ఆక్సిజనూ పట్టించి పిల్లల్ని పంపాం. సంచి విప్పగానే పిల్లల్ని గుమ్మరించకూడదు. సంచిని అలాగే చెరువు నీటి మీద తేలనిచ్చి, లోపలి నీళ్ళ వేడి బయటి నీళ్ళతో సమానమయ్యాక మెల్లగా వదలాలి. తవుడు, వేరుశెనగ చెక్క కలిపిన ముద్దను పళ్ళేల్లో పెట్టి నీళ్ళ అడుగుకు దించాలి. ఎంత పెట్టాలో, ఎన్నాళ్ళకోసారి వల వేసి ఎదుగుదల చూడాలో అన్నీ ఉత్తరువులో ఉన్నాయి. మా సబ్ ఇన్‌స్పెక్టరు నెలకోసారి వెళ్ళి చూసి వచ్చి ఎదుగుదల అనుకున్నదానికంటే బాగుందని చెప్పేవాడు.

ఎందుకు బాగుందో వేసవిలో దడి తీసేరోజు వెళ్ళినప్పుడు తెలిసింది. దడి పక్కన చెరువులోకి దిగే రాతిమెట్లు ఉన్నాయి. చెట్టిగారు ఆ మెట్ల మీద కూర్చుని ఒక బిస్కెట్ల రేకు డబ్బాను రాతిమీద టక్ టక్‌మని కొట్టాడు. దడిలో నీళ్ళు ఉడికినట్టయ్యాయి. చేపలన్నీ ఆయన వైపు వచ్చి నోళ్ళు తెరిచాయి. డబ్బాలో ఉన్నవి బొరుగులు, అంటే మరమరాలు. తమ్ముడికి అంగడి అప్పజెప్పి వారంలో మూడు నాలుగు పొద్దులు ఆయన ఇందుకోసమే అంబత్తూరు దాకా వచ్చేవాడట. ఊళ్ళో కోనేళ్ళలో చేపలకు బొరుగులు చల్లడం ఆయనలాంటివాళ్ళ కుటుంబాల్లో పుణ్యకార్యం. చిన్నప్పటి నుంచి చేసిన పనే ఇక్కడా చేశాడు.

"తొందరగా పెద్దవైతేనే అమ్మా విరాలు నోటికి చిక్కవు. ఇవి బతికితేనే అవి బతికేది. అందుకే పెట్టినా" అన్నాడు. గొంతులో కొంచెం సిగ్గు ఉంది. రోహుల్ని వద్దన్నవాడే వాటిని ముద్దు చేస్తున్నాడని నాయుడు ఆటపట్టించాడు. "ఏం చెట్టిగారూ, పెంపుడు బిడ్డలు ఎట్టా ఉండారు?" అంటే అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ మధ్యాహ్నం దడి విప్పారు. చేపలు బయటికి పోవడానికి చాలాసేపు పట్టింది. తలుపు తెరిచినా గడప దాటని పిల్లల్లా అక్కడక్కడే తిరిగాయి.

దడి తీశాక కూడా ఆయన బొరుగులు తేవడం మానలేదు. డబ్బా చప్పుడుకు చెరువు నాలుగు మూలల నుంచీ వస్తున్నాయని, ఒకటి అరచేతిలోంచి కూడా తీసుకుందని ఒకసారి ఫోనులో చెప్పాడు. అంతవరకు అంత సంతోషంగా ఆయన మాట్లాడగా నేను వినలేదు.

1996 జనవరి చివర ఒక ఆదివారం పోటీ జరిగింది. తూకం చూడడానికి శాఖ తరఫున నన్ను పిలిచారు. తూము పక్కన షామియానా, బల్ల, వేలాడే త్రాసు. అంబత్తూరు నుంచి సభ్యులు కుటుంబాలతో వచ్చారు. నాయుడు చాలా కష్టపడ్డాడు. మానేసిన పాత సభ్యుల ఇళ్ళకు కూడా తానే వెళ్ళి పిలుచుకొచ్చాడు. కట్ట పొడవునా గాలాలు, పిండి ముద్దలు, నీళ్ళ మీద వరసగా బెండ్లు. ఏడింటికి విజిల్ ఊదారు.

ఎనిమిదైంది, తొమ్మిది దాటింది. ఒక్క బెండూ మునగలేదు. చలికాలపు నీళ్ళలో రోహు, బొచ్చె మేతకు పెద్దగా కదలవు. పైగా కట్టమీద అంత అలికిడి. అవి చెరువు మధ్యలోకి లోతుకు పోయి ఉంటాయని నాకు తెలుసు, బల్ల దగ్గరకు వచ్చినవాళ్ళకు చెప్పాను కూడా. నా వివరణతో ఎవరి గాలానికీ చేప పడలేదు. ఆడవాళ్ళు అన్నం మూటలు విప్పడం మొదలుపెట్టారు. ఒకరిద్దరు స్కూటర్లు స్టార్టు చేశారు. తూముకు అవతల ఒకతనికి కొరమీను ఒకటి పడి, దారం తెంపుకుని పోయింది.

పదిగంటలకు నాయుడు చెట్టిగారి దగ్గరకు వచ్చాడు. ఆయన ఆ రోజు గాలం వేయలేదు, నా బల్ల పక్కనే కూర్చుని ఉన్నాడు. నాయుడి మొహం చూస్తే కోపం కంటే అవమానం ఎక్కువ కనబడింది. "అయిపోయినాది చెట్టిగారూ. మీ విరాలే అన్నిట్నీ మింగేసినాది. పన్నెండింటికి విజిలు ఊదేస్తా. రేపు పొద్దన్నే ఇలుప్ప పుణ్ణాక్కుకి అర్జీ రాస్తా, మీరు సంతకం పెట్టాల. మాట ఇచ్చిండారు" అన్నాడు. ఇలుప్ప పుణ్ణాక్కు అంటే ఇప్పచెక్కే.

చెట్టిగారు మెట్ల వైపు చూశాడు, నా వైపు చూశాడు. చేపలు చెరువులోనే ఉన్నాయని మా ఇద్దరికీ తెలుసు. వాటిని ఎలా పిలవాలో ఆయన ఒక్కడికే తెలుసు. నేను ఏదైనా చెబుతానని ఎదురుచూశాడేమో తెలియదు. తూకం చూసే అధికారి పోటీలో కల్పించుకోకూడదు. అది నియమం. ఆ నియమం ఆ పూట నాకు అక్కరకొచ్చింది. లేకపోతే ఏం చెప్పి ఉండేదాన్నో నాకే తెలియదు.

ఆయన సంచిలోంచి డబ్బా తీసుకుని లేచాడు. మెట్లు దిగి ఎప్పుడూ కూర్చునేచోటే కూర్చున్నాడు. తర్వాత డబ్బాను రాతిమీద కొట్టాడు.

మొదట ఏమీ కాలేదు. రెండోసారి కొట్టాక చెరువు నడుమ నీళ్ళు గీతలు గీతలుగా చీలాయి. ఆ గీతలన్నీ మెట్ల వైపు సాగాయి. కట్ట మీద వాళ్ళు మాటలాపి చూశారు. ఏడాది దాటిన రోహులు, కిలో పైబడినవి, నోళ్ళు తెరుచుకుని ఆయన కాళ్ళ దగ్గర గుంపయ్యాయి. ఆయన గుప్పెడు బొరుగులు చల్లాడు. అప్పుడు తల తిప్పకుండానే గట్టిగా, "నాయుడుగారూ, అందరినీ ఈడికి రమ్మనండి" అన్నాడు.

ఆ తర్వాత జరిగినదాన్ని పోటీ అనలేం. జనం గాలాలు పట్టుకుని పరుగెత్తారు. మెట్ల మీద చోటు చాలలేదు. ఎర పడటమే ఆలస్యం, చేప పడుతోంది. చిన్న ఆడపిల్ల కూడా ఒకదాన్ని లాగింది, చప్పట్లు కొట్టారు. ఒక చేపను లాగుతుంటే పక్కవి బెదిరి దూరం పోవాలి. ఇవి బెదిరి కొంచెం పోయి, ఎవరో అగ్గిపెట్టెతో రాయిని తట్టగానే మళ్ళీ తిరిగొచ్చాయి. నా త్రాసు ఖాళీ లేదు. చెట్టిగారు జనం మధ్యలోంచి పైకి వచ్చి తూము గోడకు ఆనుకుని అటువైపు తిరిగి నిలబడ్డాడు. నాకు చాలా బాధ వేసింది. ఉద్యోగంలో చేపల చావు చూడటం నాకు కొత్త కాదు, ఆ సాయంత్రం మా ఇంట్లో కూడా చేపల కూరే. అయినా ఆ మెట్ల వైపు చూడబుద్ధి కాలేదు.

నాయుడు రెండు చేపలు పట్టి గాలం చుట్టేశాడు. నా బల్ల దగ్గరకు వచ్చి, ఎవరికీ వినబడకుండా, "ఇట్ట పట్టేదానికి గాలం ఎందుకు మేడమ్, గంప చాలు" అన్నాడు. కానీ మాట తప్పే మనిషి కాదు. బహుమతులిచ్చాక మైకులో ఇకమీదట ఈ చెరువులో విషం మాట ఎవరూ ఎత్తకూడదని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నెల తిరక్కుండా క్లబ్బులో సభ్యులు పెరిగారు, కౌలు నిలిచింది. నేను ఇప్పచెక్క అర్జీని తిరస్కరించి ఫైలు మూశాను. చెట్టిగారు నా దగ్గరకు మొదటిసారి వచ్చినప్పుడు అడిగిన ఒక్క కోరికా నెరవేరింది.

వారం తర్వాత ఆయన మా ఆఫీసుకు వచ్చాడు. కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చాడేమో అనుకున్నాను. కూర్చోమంటే కూర్చోలేదు.

"విరాలుకి ముప్ఫై ఏండ్లుగా గాలం వేస్తా ఉండా. ఒక్కటి కూడా నా దగ్గరికి దానంతట అది రాలేదు. నేనంటే దానికి భయం. ఇవి భయం లేకుండా వచ్చినాయి. ఆ భయం మాన్పించింది నేనే" అన్నాడు. వాటిని పిలవకపోతే కొరమీన్లన్నీ పోయేవి కదా అన్నాను. "అవునమ్మా. మళ్ళా అట్టాంటి గతి వస్తే మళ్ళా పిలుస్తా. దానికి కాదు నేను వచ్చింది" అన్నాడు.

వచ్చిన పని వేరు. ఇకమీదట మా శాఖ ఏ చెరువులో పిల్లల్ని వదిలినా, మనిషి చేతి మేత పెట్టకూడదని ఉత్తరువులోనే రాయమని అడిగాడు. "నేను చెప్తే ఎవురూ వినరు. గవర్నమెంటు కాగితంలో ఉంటే వింటారు. నాలాంటోడు ఇంకో చెరువు కాడ ఇంకొకడు ఉంటాడు" అన్నాడు. నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

అప్పటివరకు పెంచిన చేపకూ సహజంగా పుట్టిన చేపకూ తేడా తల్లి గుడ్డు ఎక్కడ పెట్టిందన్నదే అనుకునేదాన్ని. మా పుస్తకాలూ అంతే చెప్పేవి. పిల్ల పొడవెంత, బరువెంత, నీళ్ళ వేడి ఎంత, మేత ఎంత అన్నవన్నీ ఉత్తరువుల్లో రాశాం. మనిషిని చూస్తే అది ఏం చేయాలన్నది ఎవరూ రాయలేదు. చెరువులో బతకడానికి జానెడు పొడవు ఎంత అవసరమో మనిషంటే భయమూ అంతే అవసరం.

ఆ తర్వాత పదవీ విరమణ వరకు నేను సంతకం పెట్టిన ప్రతి అనుమతిలోనూ ఒక షరతు చేర్చాను: మేతను నీటి అడుగు పళ్ళేల్లోనే ఉంచాలి, చేపలకు మనిషి కనబడేలా గట్టు మీద నుంచి మేత చల్లరాదు, వదిలే ముందు నెలరోజులు వాటి దగ్గరకు ఎవరూ వెళ్ళరాదు. పై అధికారి ఒకరు ఈ షరతు ఎక్కడి నుంచి వచ్చిందని వివరణ అడిగారు. మనిషికి మచ్చికైన చేపను గాలాలున్న చెరువులోకి పంపితే దాన్ని నీళ్ళలో వదిలినట్టు కాదు, గాలానికి అప్పగించినట్టు అని జవాబు రాశాను. ఆయన ఆ షరతును కొట్టివేయలేదు.